ఒక గ్రెయిన్ ఇత్తడి ఎంత తేడా చేస్తుంది?

పేలిన తూటాల ఖాళీ ఇత్తడి గుల్లల్ని ఒక్కోటీ ఏరుకుని, కడిగి, బంగారం తూచినట్టు తూచి, బరువుల వారీగా డబ్బాల్లో సర్దుకునే మనుషులు ఉన్నారు. అమెరికాలో అయితే చాలామందే ఉన్నారు. దీన్ని రీలోడింగ్ అంటారు. తుపాకి పేలాక బుల్లెట్ వెళ్ళిపోతుంది, మందు కాలిపోతుంది, కానీ ఇత్తడి గుల్ల మాత్రం మిగులుతుంది. దాన్ని మళ్ళీ సైజుకి నొక్కి, కొత్త ప్రైమర్, కొత్త మందు, కొత్త బుల్లెట్ పెడితే మళ్ళీ తూటా రెడీ. మొదట్లో ఇది డబ్బు ఆదా చేయడానికి చేసేవాళ్ళు. తర్వాత ఫ్యాక్టరీ తూటా కంటే కచ్చితమైనది మనమే చేసుకోవచ్చు అన్న పట్టుదల దాన్ని మించిపోయింది.

మన దేశంలో ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. కాబట్టి ఇది చదివి ఎవరూ ఇంట్లో మొదలుపెట్టే పని కాదు. నాకు నచ్చింది ఇందులో ఉన్న లెక్క. గుల్ల బరువులో చిన్న తేడా ఉంటే గురి తప్పుతుందా? తప్పితే ఎంత? అసలు ఆ తేడా మనకి కనిపిస్తుందా? మొదటి ప్రశ్న ఫిజిక్స్. చివరిది స్టాటిస్టిక్స్. ఎక్కువమంది బోల్తా పడేది చివరిదాని దగ్గరే.

ముందు మాటలు సరిచూసుకుందాం. న్యూస్‌లో బుల్లెట్ అన్నా తూటా అన్నా ఒకటే అన్నట్టు వాడతారు. ఇక్కడ తూటా అంటే మొత్తం సరుకు, బుల్లెట్ అంటే గొట్టంలోంచి ఎగిరిపోయే ముక్క మాత్రమే. ఇత్తడి గుల్లని కేసు అంటారు, పోలీసు కేసు కాదు. దానికి అడుగు, ఒళ్ళు, భుజం, మెడ ఉంటాయి. నీళ్ళ సీసాని ఊహించుకోండి. అడుగున ప్రైమర్, లోపల మందు, మెడలో బిగించిన బుల్లెట్.

కేసు పని మందుని పట్టుకుని ఉండటమే అనుకుంటాం. అసలు పని పేలినప్పుడు మొదలవుతుంది. ఉదాహరణకి .223 రెమింగ్టన్ తీసుకుందాం. చిన్న క్యాలిబర్ రైఫిళ్ళలో ఎక్కువగా కనిపించే తూటాల్లో ఇదొకటి, బుల్లెట్ అడ్డకొలత 5.7 మిల్లీమీటర్లు. అమెరికాలో దీనికి ఒప్పుకున్న గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 55,000 పౌండ్లు. కారు టైరులో ఉండేది ముప్పై చిల్లర. ఆ ఒత్తిడికి పల్చటి ఇత్తడి గోడ ఉబ్బి ఛాంబర్ గోడకి అతుక్కుపోతుంది, వేడి గ్యాసు వెనక్కి, కాల్చేవాడి మొహం మీదకి రాకుండా అడ్డుకుంటుంది. బుల్లెట్ బయటికి వెళ్ళి పీడనం పడిపోగానే ఇత్తడి కొంచెం వెనక్కి ముడుచుకుంటుంది. అందుకే గుల్ల సులువుగా బయటికొస్తుంది. సాగాలి, చిరగకూడదు, మళ్ళీ కొంత వెనక్కి రావాలి. 70 శాతం రాగి, 30 శాతం జింకు కలిపిన ఇత్తడి ఈ మూడూ చేస్తుంది కాబట్టే ఇన్నేళ్ళుగా దాన్నే వాడుతున్నారు.

ఇప్పుడు అసలు విషయం. రెండు కేసులు బయటికి అచ్చం ఒకేలా ఉండి, ఒకటి కొంచెం బరువెక్కువ ఉందనుకోండి. ఆ ఎక్కువ ఇత్తడి ఎక్కడో ఉండాలి కదా. బయటి కొలత ఒకటే అయితే అది లోపలే ఉండాలి. అంటే లోపల ఖాళీ తగ్గింది. అదే మందు తక్కువ చోటులో కాలితే పీడనం ఎక్కువ, బుల్లెట్ వేగం కూడా ఎక్కువ. వేగం మారితే లక్ష్యం మీద ఎత్తు మారుతుంది. బరువులు తూచే అలవాటు వెనక ఉన్న వాదన మొత్తం ఇదే. వాదనలో తప్పేమీ లేదు. ఎంత అన్నదే ప్రశ్న.

లెక్క చేద్దాం. రీలోడింగ్‌లో బరువులు గ్రెయిన్లలో కొలుస్తారు. ఒక గ్రెయిన్ 0.0648 గ్రాము. మన కంసాలులు బంగారం తూచడానికి వాడిన గురివింద గింజ దాదాపు రెండు గ్రెయిన్లు తూగుతుంది. అంటే గ్రెయిన్ అంటే అర గురివింద. .223 కేసు ఒకటి సుమారు 95 గ్రెయిన్లు ఉంటుంది. లోపల సుమారు 30 గ్రెయిన్ల నీళ్ళు పడతాయి. ఖాళీని అలాగే కొలుస్తారు, నీళ్ళు నింపి తూచి. ఇత్తడి నీళ్ళ కంటే 8.5 రెట్లు బరువు. కాబట్టి ఒక గ్రెయిన్ ఇత్తడి ఎక్కువైతే లోపల తగ్గేది 0.12 గ్రెయిన్ల నీళ్ళ చోటు. ముప్పైలో అది 0.4 శాతం.

వేగం కూడా 0.4 శాతం మారుతుందా? మారదు, అంతకంటే తక్కువే మారుతుంది. కానీ మనం సీఎస్ వాళ్ళం కదా, వరస్ట్ కేసు వేసుకుందాం. 0.4 శాతం మొత్తం వేగంలోకే వెళ్ళిందనుకుందాం. సెకనుకి 900 మీటర్ల వేగంలో అది 3.6 మీటర్లు.

100 మీటర్ల దూరానికి ఆ బుల్లెట్ సెకనులో తొమ్మిదో వంతులో చేరుతుంది. గాలిని పట్టించుకోకపోతే ఆ టైములో భూమి దాన్ని 6 సెంటీమీటర్లు కిందికి లాగుతుంది. ఇంటర్‌లో చదివిన సగం జీ టీ స్క్వేర్, అంతే. వేగం 0.4 శాతం మారితే ఈ పడిపోవడం 0.8 శాతం మారుతుంది. 6 సెంటీమీటర్లలో 0.8 శాతం అంటే అర మిల్లీమీటరు కూడా లేదు!

అంటే ఒక గ్రెయిన్ తేడా, వరస్ట్ కేసులో కూడా, 100 మీటర్ల దగ్గర పెన్సిల్ గీత మందం చేస్తుంది. బుల్లెట్ చిల్లే 5.7 మిల్లీమీటర్లు ఉంటే ఈ అర మిల్లీమీటరుని కంటితో పట్టలేం. కానీ ఇదే లెక్కని 1000 మీటర్లకి వేయండి. పడిపోవడం టైము వర్గంతో పెరుగుతుంది కాబట్టి దూరం పది రెట్లయితే తేడా వంద రెట్లు. అర మిల్లీమీటరు కాస్తా ఐదు సెంటీమీటర్ల దగ్గరికి వచ్చింది. అది గాలి లేకుండా వేసిన లెక్క. గాలి నిరోధం కలిపితే బుల్లెట్ దారిలో నెమ్మదిస్తుంది, టైము పెరుగుతుంది, తేడా ఇంకా పెద్దదవుతుంది. వంద మీటర్లు కాల్చేవాడు బరువులు తూచడం టైమ్ వేస్ట్ అంటాడు, వెయ్యి కాల్చేవాడు తూచకపోతే ఎలా అంటాడు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. దూరం మాత్రం చెప్పరు.

ఇంకో తిరకాసు. బరువు తూచేది ఖాళీని ఊహించడానికే. కానీ ఎక్కువున్న ఇత్తడి లోపలే ఉండాలని రూలేం లేదు. కేసు అడుగున బయటివైపు ఒక గాడి ఉంటుంది, పేలిన గుల్లని బయటికి లాగే కొక్కెం పట్టుకోవడానికి. ఆ గాడి కొంచెం లోతు తక్కువగా తెగితే బరువు పెరుగుతుంది, లోపలి ఖాళీ మాత్రం మారదు. కాబట్టి బరువు ఒక ప్రాక్సీ మాత్రమే. అసలు కొలవాల్సింది నీళ్ళతోనే. అది కూడా ఒకే ఛాంబర్‌లో పేలిన కేసుల్ని, పాత ప్రైమర్ తీయకుండా. నీటి ఉపరితలం మెడ దగ్గర ఉబ్బినా కుంగినా రీడింగ్ తప్పుతుంది, బుడగ ఒకటి లోపల ఇరుక్కున్నా తప్పుతుంది. నీళ్ళలో చుక్క సబ్బు కలిపేవాళ్ళు ఉన్నారు. వంద కేసులకి ఇది చేయాలంటే ఓపిక కావాలి, అందుకే అందరూ తక్కెడ వైపే వెళ్తారు.

ఒకచోట మాత్రం బరువు తేడాని చిన్నదని కొట్టిపారేయకూడదు. వేర్వేరు కంపెనీల కేసులు కలిసినప్పుడు. ఒకే కంపెనీ, ఒకే లాట్ అయితే తేడా గ్రెయిను అటూ ఇటూ. కానీ .308 వించెస్టర్ సైజులో మిలిటరీ కేసులు మామూలు మార్కెట్ కేసుల కంటే పది, ఇరవై గ్రెయిన్లు బరువుండటం మామూలే. పల్చటి కేసులో సరిగ్గా సరిపోయిన మందునే అలాంటి మందపాటి కేసులో పోస్తే పీడనం హద్దు దాటొచ్చు. ఇక్కడ పోయేది గురి కాదు, రైఫిల్, దానితోపాటు చెయ్యో కన్నో. అందుకే రీలోడింగ్ పుస్తకాలన్నీ ఒక మాట మళ్ళీ మళ్ళీ చెప్తాయి: ఏ భాగం మార్చినా, కేసు అయినా సరే, మందు తగ్గించి మళ్ళీ కింది నుంచి మొదలుపెట్టాలి. కేసు అడుగున కంపెనీ పేరు ముద్ర ఉంటుంది. దాన్ని చూసి వేరు చేయడానికి తక్కెడ అక్కర్లేదు, కళ్ళు చాలు. ఇత్తడిని వేరుచేసే పనుల్లో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదేనని నా అభిప్రాయం. పైగా ఇదే అందరికంటే బోర్ పని కూడా.

ఖాళీ సంగతి అది. మెడ సంగతి ఇంకా ఇంట్రెస్టింగ్.

బుల్లెట్‌ని పట్టుకునేది మెడ. బుల్లెట్ కంటే మెడ లోపలి కొలత అంగుళంలో వెయ్యో వంతో, రెండు వంతులో తక్కువగా ఉంటుంది, ఆ బిగుతే పట్టు. పేలేటప్పుడు బుల్లెట్ ఆ పట్టు విడిపించుకుని కదలాలి. ఒక కేసు గట్టిగా, ఇంకోటి వదులుగా పట్టుకుంటే బుల్లెట్ కదలడం మొదలయ్యే క్షణమే మారుతుంది, దాంతో వేగం మారుతుంది. పట్టు దేన్నిబట్టి మారుతుంది? మెడ గోడ మందాన్నిబట్టి, ఇత్తడి గట్టిదనాన్నిబట్టి.

గట్టిదనం ఎందుకు మారుతుందో చూడాలంటే ఒక రాగి తీగ తీసుకుని అటూ ఇటూ వంచండి. మొదట మెత్తగా వంగుతుంది, తర్వాత మొరాయిస్తుంది, చివరికి విరుగుతుంది. లోహాన్ని చల్లగా ఉన్నప్పుడు వంచే కొద్దీ గట్టిపడి పెళుసవుతుంది. కేసు మెడ కూడా పేలినప్పుడల్లా సాగుతుంది, మళ్ళీ సైజుకి నొక్కినప్పుడల్లా ముడుచుకుంటుంది. ఐదు సార్లు పేలిన కేసు, ఒక్కసారి పేలిన కేసు ఒకే బరువు చూపించొచ్చు, కానీ పట్టు వేరు. తక్కెడకి ఇది అసలు కనిపించదు. మందు మెడని కొద్ది క్షణాలు వేడిచేసి మళ్ళీ మెత్తబరచడమే, అనీలింగ్ అంటారు. మెడని మాత్రమే. అడుగు మెత్తబడితే పీడనాన్ని ఆపలేదు, అప్పుడు ప్రమాదం. కొత్త మిలిటరీ తూటాల మెడ చుట్టూ నీలం, గోధుమ కలిసిన మరక కనిపిస్తే అది మురికి కాదు, ఫ్యాక్టరీలో అనీలింగ్ చేసిన గుర్తు.

దీని వెనక మన దేశానికి సంబంధించిన కథ ఒకటి ఉంది. బ్రిటిష్ వాళ్ళ కాలంలో ఇక్కడి సైన్యం వానాకాలంలో తూటాల్ని గుర్రపుశాలల్లో దాచేది. వానలు పోయాక చూస్తే ఇత్తడి కేసులకి పగుళ్ళు, ముఖ్యంగా బుల్లెట్‌ని బిగించిన చోట. ఎవరూ పేల్చలేదు, ఎవరూ కొట్టలేదు, వాటంతట అవే పగిలాయి. దీనికి సీజన్ క్రాకింగ్ అన్న పేరు పడింది. కారణం 1921లో మూర్, బెకిన్సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు తేల్చారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, ఇత్తడిని చల్లగా లాగి తయారుచేసినప్పుడు లోపల మిగిలిపోయిన ఒత్తిడి, ఈ రెండూ కలిస్తే పగులు. ఒక్కటే ఉంటే పగలదు. వేడిచేసి ఆ ఒత్తిడిని తీసేయడమే దానికి విరుగుడు. ఇవాళ్టికీ కేసుల్ని అమ్మోనియా ఉన్న పాలిష్‌లతో తోమొద్దని చెప్పేది అందుకే.

మెడ మందంలో తేడాకి ఇంకో ఫలితం ఉంది. ఒక వైపు గోడ మందంగా, ఇంకో వైపు పల్చగా ఉంటే బుల్లెట్ గొట్టం మధ్యగీతకి కొంచెం పక్కగా, వంకరగా కూర్చుంటుంది. వంకరగా మొదలైన బుల్లెట్ గొట్టం దాటాక కూడా కొంచెం ఊగుతుంది. ఇది 100 మీటర్ల దగ్గర కూడా పనిచేసే లోపం, ఎందుకంటే దీనికి వేగంతో సంబంధం లేదు. అందుకే బెంచ్‌రెస్ట్ ఆటగాళ్ళు మెడ బయటివైపుని చిన్న పరికరంతో చెక్కి మందం చుట్టూరా సమానం చేస్తారు. బెంచ్‌రెస్ట్ అంటే రాతి బల్ల మీద ఇసుక సంచులపై రైఫిల్ ఆనించి, 100, 200 గజాల దగ్గర ఐదేసి రౌండ్లు కాల్చి, ఆ చిల్లులు ఎంత దగ్గరగా పడ్డాయో కొలిచే ఆట. మనిషి చెయ్యి వణుకుని వీలైనంత తీసేసి, తుపాకి, తూటా ఎంత బాగున్నాయో తేల్చే పోటీ అన్నమాట. 1950లో వచ్చిన .222 రెమింగ్టన్ చాలా ఏళ్ళు ఈ ఆటని ఏలింది. 1975లో పాల్మిసానో, పిండెల్ అనే ఇద్దరు .220 రష్యన్ అనే కేసు తీసుకుని దాన్నుంచి 6 పీపీసీ తయారుచేశాక దాని రాజ్యం పోయింది. పొట్టిగా, లావుగా ఉండే ఈ కేసుకి చిన్న ప్రైమర్, నిప్పు లోపలికి వెళ్ళే చిల్లు కూడా 1.5 మిల్లీమీటర్లే, మామూలుగా అది 2 ఉంటుంది. ఇంత చిన్న ఆటలో కేసు డిజైనే రాజుని మార్చింది కాబట్టి, ఇత్తడి ముఖ్యం కాదని ఎవరూ అనలేరు.

మరి సమస్య ఎక్కడ? రుజువు దగ్గర.

మామూలుగా జరిగేది ఇది. ఒకాయన బరువులు తూచి సర్దిన కేసులతో ఐదు రౌండ్లు కాలుస్తాడు, గ్రూపు 12 మిల్లీమీటర్లు వస్తుంది. సర్దని కేసులతో ఐదు కాలుస్తాడు, 18 వస్తుంది. చూశారా, సర్దితే మూడో వంతు తగ్గింది! ఫోటో తీసి పెడతాడు. మనలాంటి వాళ్ళం చూసి నమ్మేస్తాం.

ఇది నిజమో కాదో చూడటానికి తుపాకి అక్కర్లేదు, పైథాన్ చాలు. ఒక పాయింట్‌కి ఎక్స్, వై రెండూ నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌లోంచి తీసుకోండి, స్టాండర్డ్ డీవియేషన్ 5 మిల్లీమీటర్లు పెట్టండి. ఐదు పాయింట్లు తీసి, వాటిలో అన్నిటికంటే దూరంగా ఉన్న రెండిటి మధ్య దూరం లెక్కేయండి. అదే గ్రూపు సైజు. దీన్ని లక్ష సార్లు లూప్‌లో తిప్పండి. పది పన్నెండు లైన్ల కోడ్. సగటు గ్రూపు 15 మిల్లీమీటర్ల పైచిలుకు వస్తుంది. అక్కడితో ఆపకుండా హిస్టోగ్రామ్ గీయండి. మూడింట రెండు గ్రూపులు 11కీ 19కీ మధ్య పడతాయి. మిగతావి ఆ బయట. అప్పుడప్పుడు 9 లోపు కూడా పడుతుంది. ఏదీ మార్చలేదు గుర్తుంచుకోండి. అదే రైఫిల్, అదే తూటా, అదే మనిషి. రెండేసి గ్రూపుల్ని జతలుగా తీసి పోలిస్తే, ఇంచుమించు పదికి మూడు జతల్లో ఒకటి ఇంకోదానికి ఒకటిన్నర రెట్లో అంతకంటే ఎక్కువో ఉంటుంది.

12, 18 అంటే సరిగ్గా ఒకటిన్నర రెట్లు. అంటే ఆయన చూసింది ఇత్తడి ప్రభావం కావచ్చు, లేదా ఏమీ లేకపోయినా పదికి మూడు సార్లు కనిపించే గాలివాటం కావచ్చు. ఆ రెండు గ్రూపులు చూసి ఏదో చెప్పడం కుదరదు. ఫోటోల్లో ఇంకో మోసం, అది కావాలని చేసేది కాదు: పది గ్రూపులు కాల్చి బెస్ట్ గ్రూపు ఫోటోనే పెడతాం. ప్రోగ్రామ్‌ని మూడుసార్లు రన్ చేసి, తక్కువ టైము వచ్చిన రన్‌ని రిపోర్ట్‌లో వేసి, మన ఆల్గారిథమ్ 15 శాతం ఫాస్ట్ అని వైవాలో చెప్పే మన బ్యాచ్‌లకి ఇది కొత్తేం కాదు.

వేగం కొలిచే పరికరం, క్రోనోగ్రాఫ్, ఉంటే మెరుగే కానీ అక్కడా ఇదే గొడవ. ఐదు రౌండ్ల వేగాల స్టాండర్డ్ డీవియేషన్ సెకనుకి 3 మీటర్లు వచ్చిందనుకోండి. ఐదు శాంపిల్స్‌తో 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ లెక్కేస్తే అసలు విలువ 1.8 నుంచి 8.6 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. ఎంఎఫ్‌సీఎస్ సబ్జెక్ట్‌లో కై-స్క్వేర్ టేబుల్ ఎందుకు పెట్టారో నాకు ఇది లెక్కేసిన రోజు అర్థమైంది.

ఇంకా లోతుకి వెళ్దాం. లోపాలు నేరుగా కూడవు, వాటి వర్గాలు కూడతాయి. గాలి, మనిషి, బ్యారెల్, బుల్లెట్ అన్నీ కలిపి చెదురు 10 అనుకోండి, ఇత్తడి తేడా వల్ల వచ్చేది 3 అనుకోండి. మొత్తం 13 కాదు, 109కి వర్గమూలం, 10.44. ఇత్తడిని పర్ఫెక్ట్ చేసినా తగ్గేది నాలుగు శాతం చిల్లర. అంత చిన్న తేడాని గ్రూపుల్లో నమ్మకంగా చూడాలంటే ఎన్ని రౌండ్లు కావాలో లెక్కేస్తే ఒక్కో రకానికీ వెయ్యి దాకా వచ్చింది. రెండు రకాలకి రెండు వేలు. మ్యాచ్ బ్యారెళ్ళు చాలావరకు రెండు మూడు వేల రౌండ్లలోనే లోపల అరిగి పదును పోగొట్టుకుంటాయి. అంటే పరీక్ష పూర్తయ్యేలోపు కొలిచే పరికరమే మారిపోతుంది!

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. ఒకరు తేల్చలేం కాబట్టి నమ్మకంతో తూస్తాను అంటారు, ఇంకొకరు తేల్చలేం కాబట్టి అది లేదు అంటారు. మూడో దారి ఒకటి ఉంది, అది వందేళ్ళ కిందటిది. ఫ్రాంక్లిన్ మాన్ అనే అమెరికా డాక్టర్ దశాబ్దాల పాటు తన సొంత రేంజ్‌లో ప్రయోగాలు చేసి 1909లో ఒక పెద్ద పుస్తకం వేశాడు. చెయ్యి కదలకుండా రైఫిల్‌ని కాంక్రీట్ దిమ్మకి బిగించి కాల్చేవాడు. బుల్లెట్‌లో చిన్న లోపం ఏం చేస్తుందో తెలుసుకోవడానికి ఆయన చిన్న లోపాలు వెతకలేదు. కావాలని బుల్లెట్లని పాడుచేశాడు. కొన్నిటి ముక్కు చెక్కాడు, కొన్నిటి అడుగు చెక్కాడు. ముక్కు పాడైతే పెద్దగా ఏమీ కాలేదు. అడుగు పాడైతే బుల్లెట్ ఎటో పోయింది. లోపాన్ని పెద్దది చేస్తే జవాబు దానంతట అదే కనిపిస్తుంది.

ఇత్తడికీ అదే చేయొచ్చు. 200 కేసులు తూచండి. సగటు దగ్గర ఉన్నవాటిని వదిలేయండి. అన్నిటికంటే తేలికైన 20, అన్నిటికంటే బరువైన 20 తీసుకోండి. మిగతా అన్నీ సమానం: అదే లాటు మందు, అదే బుల్లెట్, అన్నీ అన్నేసి సార్లే పేలిన కేసులు. చిల్లులు చూడకండి, సగటు వేగం చూడండి. ఒక్కో రౌండ్ వేగంలో చెదురు సెకనుకి 4 మీటర్లు ఉన్నా, 20 రౌండ్ల సగటులో అది 0.9కి తగ్గుతుంది. రెండు సగటుల మధ్య రెండున్నర మీటర్ల తేడా ఉంటే 40 రౌండ్లలోనే బయటపడుతుంది. రెండు వేల రౌండ్ల పని నలభైలో అయిపోయింది, ఎందుకంటే చెదురులో నాలుగు శాతం వెతకడం మానేసి సగటులో జరుగుడు వెతికాం. ఒకటే జాగ్రత్త. ముందు ఇరవై తేలికవి, తర్వాత ఇరవై బరువైనవి కాలిస్తే బ్యారెల్ వేడెక్కిన ప్రభావం కూడా తేడాలో కలిసిపోతుంది. కాబట్టి తేలిక, బరువు, బరువు, తేలిక అని కలిపి కాల్చాలి.

ఇంత సాగదీసిన అంచుల మధ్య కూడా తేడా కనిపించకపోతే, డబ్బా మధ్యలో ఉన్న కేసుల్ని పదో వంతు గ్రెయిన్ వరకు సర్దే పని ఆపేయొచ్చు, ఆ సాయంత్రాలు ఇంకో పనికి వాడుకోవచ్చు. కనిపిస్తే, ఎన్ని మీటర్ల వేగమో తెలిసింది కాబట్టి మీ దూరానికి అది ఎన్ని మిల్లీమీటర్లో పైన చేసిన లెక్కతో వచ్చేస్తుంది. మెడ పట్టుకి కూడా ఇదే పద్ధతి: ఒక బ్యాచ్ అనీల్ చేసినవి, ఒక బ్యాచ్ చాలాసార్లు పేలి గట్టిపడినవి. నా అంచనా అడిగితే, చిన్న క్యాలిబర్లలో, మంచి కంపెనీ కేసుల్లో, తక్కువ దూరాల్లో మెడే గెలుస్తుంది, బరువు ఓడుతుంది. కానీ అది అంచనా మాత్రమే, నలభై రౌండ్ల డేటా ముందు దానికి విలువ లేదు.

రీలోడింగ్ అసలు కుదరని చోట ఏం చేస్తారో కూడా చెప్పాలి, ఎందుకంటే మనకి తెలిసిన షూటర్లు అక్కడే ఉన్నారు. హైదరాబాద్‌కి చెందిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచింది ఎయిర్ రైఫిల్‌లో, దానికి తూటాలే లేవు. కానీ ఆయన ఆడిన 50 మీటర్ల రైఫిల్ పోటీలో .22 రిమ్‌ఫైర్ తూటా వాడతారు. దాన్లో ప్రైమర్ విడిగా ఉండదు, పేలే పదార్థం కేసు అడుగు అంచులోనే ఉంటుంది, పిన్ను కొట్టగానే ఆ అంచు నలిగిపోతుంది. మళ్ళీ నింపడం కుదరదు. అక్కడ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం 10.4 మిల్లీమీటర్లే. కేసుల్ని సర్దుకోలేరు, మెడ చెక్కుకోలేరు. కాబట్టి వాళ్ళు తూటాని మార్చరు, తూటాల లాట్‌ని ఎంచుకుంటారు. ఏలీ, లాపువా లాంటి కంపెనీల టెస్ట్ రేంజ్‌లకి తమ రైఫిల్ తీసుకెళ్ళి, దాన్ని బిగించి, ఒక్కో లాటులోంచి కొన్ని గ్రూపులు కాల్చి చూసి, నచ్చిన లాటుని పెట్టెలకి పెట్టెలు కొనుక్కుంటారు. ఒక్కో లాటుకి ఎన్ని రౌండ్లు కాలిస్తే ఆ ఎంపికని నమ్మొచ్చో కావాలంటే, పైన చెప్పిన కోడ్‌లో ఐదు బదులు పది, నలభై పెట్టి రన్ చేసి చూడండి.